వసుమతి తప్పు బిళ్ల

ఏడేళ్లలో ఒక్క తప్పు కూడా చేయని మనిషి పక్కన కూర్చుని పనిచేయడం ఎంత కష్టమో ట్రెంటన్‌లోని స్టోనీ బ్రిడ్జ్ గేమ్స్ వాళ్లని అడిగితే చెప్పేవారు. ఆ మనిషి వసుమతి. తప్పు చేయకపోవడం ఒక ఎత్తు, చేయలేదన్న సంగతి అనుక్షణం గుర్తుండటం ఇంకో ఎత్తు. వసుమతికి బాగానే గుర్తుండేది. ఎదుటివాళ్లకి గుర్తుచేయడం కూడా మరిచిపోయేది కాదు.

కంపెనీ అన్నాం గదా అని ఏదో ఊహించుకోవద్దు. పాత ఫర్నిచర్ షాపు మీద రెండో అంతస్తులో నాలుగు గదులు, అయిదుగురు మనుషులు, వేడి కంటే చప్పుడెక్కువ చేసే రేడియేటర్లు. వాళ్లు తయారుచేసేది యుద్ధాలు. పెట్టెలో పెట్టి అమ్మే యుద్ధాలు. పెట్టె విప్పితే ఒక పెద్ద మ్యాపు, మ్యాపు నిండా తేనెపట్టులా ఆరు మూలల గళ్లు, ఎవరికీ ఒక్కసారికి బుర్రకెక్కని నిబంధనల పుస్తకం, అర అంగుళం అట్టబిళ్లలు రెండు వందలు. ఒక్కో బిళ్ల ఒక పటాలం. దాని మీద పటాలం పేరు, కింద దాని బలమెంతో చెప్పే అంకె. పళ్ల డాక్టర్లు, లెక్కల మాస్టర్లు, ప్లీడర్లు ఇవి కొనుక్కుని శనాదివారాలు బేస్‌మెంట్లలో దూరి, ఎప్పుడో ఓడిపోయిన సేనాపతులని గెలిపించేవారు. బిళ్లల మూలలు మొరటుగా ఉంటే పట్టుకి అడ్డమొస్తాయని, నెయిల్ కట్టర్ పెట్టి ఎనిమిది వందల మూలలూ ఓపిగ్గా కత్తిరించేవారు. అంతటి భక్తి మనవాళ్లకి సత్యనారాయణ వ్రతంలో కూడా ఉండదు. అక్కడ మూడో కథ దగ్గరే కాఫీకి లేచేవాళ్లుంటారు.

ఆ బిళ్లలు చేసేది వసుమతి. హైదరాబాదు సర్వే ఆఫీసులో అయిదేళ్లు మ్యాపులు గీసిన చెయ్యి ఆవిడది. భర్త దామోదర్‌కి న్యూజెర్సీలో మందుల కంపెనీలో కెమిస్టు ఉద్యోగం రావడంతో ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంటుకి వచ్చి పడింది. ఆర్నెల్లు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసింది. ఎవరి కారు గీతల మధ్య ఎంత వంకరగా ఆగుతుందో కంఠతా వచ్చేశాక, ఇక ఇలా కాదని, పేపర్లో ప్రకటన చూసి 1977లో ట్రెంటన్ వెళ్లింది.

కంపెనీ యజమాని లెస్టర్ ప్రూట్ గడ్డం మనిషి, స్వెట్టర్ మీద ఎప్పుడూ పైపు బూడిద. కాగితం చేతికిచ్చి, ఒక నది గీసి చూపించమన్నాడు. వానాకాలం నదా వేసవి నదా అని అడిగింది వసుమతి. సర్వే ఆఫీసులో ఆ రెంటికీ గీతలు వేరు మరి. లెస్టర్ పైపు నోట్లోంచి తీసి, పదిహేనేళ్లుగా యుద్ధాల పుస్తకాలు చదువుతున్నాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు. యజమానిని పట్టుకుని లెస్టర్ అని పిలవడానికి ఆవిడకి రెండేళ్లు పట్టింది. నోరు తిరిగాక మాత్రం ఆ పేరు పెట్టే చీవాట్లు కూడా వేసేది.

ప్లెయిన్స్‌బరో తెలుగువాళ్లకి ఈ ఉద్యోగం ఏమిటో ఎంత చెప్పినా అర్థం కాలేదు. యుద్ధాలకి మ్యాపులు గీస్తుందట అన్న ముక్క ఒక్కటే అందరి చెవినా పడింది. అది నోళ్లు దాటేసరికి పెంటగాన్ ఉద్యోగమైంది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఒకాయన తమ్ముడి వీసా సంగతి కాస్త పైవాళ్ల చెవిన వేయమని కూడా అడిగాడు. పిల్లల ఆటబొమ్మల కంపెనీ లాంటిదండీ అని వసుమతి చెబితే, అబ్బ, సీక్రెట్ ఎంత బాగా మెయిన్‌టైన్ చేస్తోందో అని ఇంకా మెచ్చుకున్నారు. చివరికి ఆవిడ విసిగిపోయి, నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టింది.

అసలు కథకి రావాలంటే బిళ్ల వెనక వైపు గురించి ఒక్క ముక్క చెప్పాలి. బిళ్లకి రెండు వైపులా అచ్చుంటుంది. ముందు వైపు పటాలం నిండుబలం. దెబ్బ తింటే బిళ్లని తిరగేస్తారు, వెనక వైపు తగ్గిన అంకె ఉంటుంది. ముందు నాలుగుంటే వెనక రెండు. అట్ట తిప్పితే ఎడమ కుడి అవుతుంది కాబట్టి ప్రెస్సువాళ్లు ఫోటో తీసే వెనక వైపు బోర్డుని తారుమారు వరసలో పేర్చాలి. మైనం పూసిన చిన్న చిన్న చీటీల మీద అంకెలు, ట్వీజర్స్‌తో పట్టుకుని రెండు వందలు అంటించాలి. లెస్టర్‌కి ఈ పని ఇస్తే గుర్రపు దళం వెనక ఫిరంగి తేలేది. అచ్చులో దొర్లిన తప్పు బిళ్లలని పెద్దవి చేసి, చేసినవాడి పేరూ తేదీ రాసి, కాఫీ మిషన్ పక్క గోడకి తగిలించడం అక్కడి ఆచారం. లెస్టర్‌వి పదిహేడు ఉండేవి. వసుమతివి సున్నా. రెండు బోర్డులూ, అద్దం కింద దీపం వెలిగే లైట్ టేబుల్ మీద ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్కో చీటీని వేలితో తాకుతూ మూడుసార్లు సరిచూస్తే తప్ప ప్రెస్సుకి వదిలేది కాదు. కాఫీ పోసుకునేటప్పుడు ఆ గోడ వంక ఒకసారి చూసుకునేది. దాన్ని గర్వం అంటే గర్వమే. ఏడేళ్లు సంపాదించుకున్న గర్వం.

1984 మార్చిలో బెల్జియం మంచు అడవుల యుద్ధం తయారైంది. రెండో ప్రపంచయుద్ధం చివరి చలికాలం, జర్మన్లు తెల్లవారుజామున అడవిలోంచి విరుచుకుపడితే, నిన్నగాక మొన్న వచ్చిన అమెరికన్ పటాలం ఒకటి చెల్లాచెదురై పరుగుతీసింది. ఆ పటాలం పేరు ఇక్కడ అక్కర్లేదు. నిబంధనల ప్రకారం దాని బలం ముందు నాలుగు, వెనక రెండు. దాని వెనకున్న ట్యాంకుల దళానికి ముందు తొమ్మిది, వెనక ఆరు. వసుమతి మూడుసార్లూ సరిచూసి, సోమవారం ప్రెస్సుకి పంపడానికి బోర్డు పక్కన పెట్టింది.

సరిగ్గా ఆ శనివారమే తెలుగు సంఘం ఉగాది సావనీర్ సంచిక పని ఆవిడ మీద పడింది. ఆ రోజుల్లో న్యూజెర్సీలో తెలుగు అచ్చు ఎక్కడిది? చేత్తో రాసి, బొమ్మలూ చీరల షాపు ప్రకటనలూ అంటించి, ఫోటో తీయించాల్సిందే. లైట్ టేబులూ మైనం మిషనూ ఉన్న ఏకైక తెలుగు మనిషి వసుమతి. లెస్టర్‌ని అడిగి తాళం తెచ్చుకుంది. సంఘం కార్యదర్శి గోపీనాథ్ కాగితాల కట్టతో దిగాడు. సెలవు రోజని హీటింగ్ లేదు, మైనం గట్టిపడి పెళుసెక్కింది. టేబుల్ మీద చోటు కోసం వసుమతి యుద్ధం బోర్డుని అవతలికి జరిపింది. జరిపినప్పుడు రెండు చీటీలు ఊడి, గోపీనాథ్ గారి ఉగాది కవితకి అంటుకున్నాయి.

గోపీనాథ్ అప్పుడు తన కవిత మొదటి పేజీలోనే ఉండాలని వాదిస్తున్నాడు. మొదటి పేజీలో వినాయకుడి బొమ్మ ఉండాలని వసుమతి. వినాయకుడిని రెండో పేజీకి షిఫ్ట్ చేద్దామండీ, ఆయనేమీ అనుకోడన్నాడాయన. ఆ మాటకి ఒళ్లు మండిపోయి, ఆయనకి సమాధానం చెబుతూనే ట్వీజర్స్‌తో రెండు చీటీలూ తీసి, బోర్డు మీద ఖాళీ కనబడిన రెండు చోట్లా నొక్కి పెట్టింది. సరిచూసిన బోర్డే కదా అని మళ్లీ చూడలేదు. కవి పక్కన నిలబడి ఉండగా చేతిలోకి ట్వీజర్స్ తీసుకోకూడదన్న నియమం సర్వే ఆఫీసులో నేర్పలేదు. వినాయకుడు మొదటి పేజీలోనే ఉన్నాడు. యుద్ధం సోమవారం ప్రెస్సుకెళ్లింది.

జూన్‌లో ఒహాయో పళ్ల డాక్టరు ఒకాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దెబ్బ తిన్న పటాలాలన్నీ బలహీనపడుతుంటే, ఈ ఒక్కటి మాత్రం నాలుగు నుంచి ఆరుకి పెరిగిందేమిటి, కావాలనే చేశారా అని అడిగాడు. లెస్టర్ భోజనాల వేళ అందరికీ చదివి వినిపించాడు. వసుమతి చేతిలో పెరుగన్నం గిన్నె. ఆరు అన్న మాట వినగానే ఆవిడకి చప్పున తెలిసిపోయింది. గోపీనాథ్ గారి కవితా, దాని కింద అంటుకున్న రెండు చీటీలూ కళ్లముందు కనబడ్డాయి. గిన్నె మూత పెట్టేసింది.

ఆవిడ నోరు విప్పేలోగా లెస్టర్ గడ్డం నిమురుకుంటూ, కావాలనే చేశాం కదా అన్నాడు. పాపం అతను అబద్ధమాడలేదు. ఆ యుద్ధానికి అంకెలు ముప్పైసార్లు మార్చాడు, ఎప్పుడేం మార్చాడో తనకే గుర్తులేదు. కాగితాలు వెతికి, ఏమీ దొరక్క, స్నానం చేస్తూ అనుకుని ఉంటానని తేల్చుకున్నాడు. మూణ్నెల్లకోసారి వాళ్లు వేసే పత్రికలో ఒక పేరా కూడా రాశాడు. పచ్చిగా ఉన్న సైన్యం మొదటి దెబ్బకి చెదిరినా, మిగిలినవాళ్లు రాటుదేలి ఎక్కువ పోరాడతారు, అదే ఈ బిళ్లలో చూపించామన్నాడు.

ఇంకేముంది, ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు దేశంలోని పండితులంతా బయల్దేరారు. లెస్టర్ ప్రూట్‌ది అమోఘమైన సూక్ష్మదృష్టి అని ఒకరు. కింద చిన్నక్షరాల్లో ఆధారాలతో సహా మూడు పేజీల వ్యాసం ఒకరు. ట్యాంకుల దళం వెనక ఆరు పోయి రెండు పడింది కదా, దానిక్కూడా సమర్థన పుట్టింది. ట్యాంకులు పోయాక మిగిలేది డ్రైవర్లే, వాళ్ల బలం రెండుకి మించదట. చదివినకొద్దీ వసుమతికి నవ్వొచ్చేది, నవ్విన ప్రతిసారీ గుండెలో కలుక్కుమనేది. ఎవరైనా బిళ్ల అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది. కాఫీ మిషన్ దగ్గరికి వెళ్లడం మానేసి, ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఇంట్లో దామోదర్‌కి చెప్పింది. ఆయన పప్పులో నెయ్యి వేసుకుంటూ తీరిగ్గా విన్నాడు.

"ఎవరూ కంప్లెయిన్ చేయలేదు. పైగా అందరూ అప్రీషియేట్ చేస్తున్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు వసూ?"

"దురద నాకుందండీ," అంది వసుమతి. ఆ రోజుకి మాట అక్కడితో ఆగింది.

చెబుదామని రోజూ అనుకునేది. ఇవాళ లెస్టర్‌కి జలుబు, రేపు ప్రెస్సువాళ్లొస్తారు, ఎల్లుండి శుక్రవారం. అలా ఆ తప్పు గోడెక్కకుండా ఎనిమిది నెలలు గడిచాయి. ఏడేళ్ల సున్నా అంత తేలిగ్గా వదులుకునే ఆస్తి కాదు.

1985 ఫిబ్రవరిలో ఇంకో ఉత్తరం వచ్చింది. బిళ్లలు పోగొట్టుకున్నవాళ్ల ఉత్తరాలు వసుమతి టేబుల్‌కే వచ్చేవి. కుక్క మింగిందనీ, వాక్యూమ్ క్లీనర్ పీల్చిందనీ రాస్తే, మిగులు అట్టల్లోంచి ఒకటి తీసి కవర్లో పెట్టి పంపేది. ఇది పెన్సిల్వేనియా లాంకాస్టర్ నుంచి, ఎల్మర్ కీఫర్ అనే ఆయన రాసింది. పోస్ట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, చేతిరాత గుండ్రంగా ఉంది.

తను ఆ పటాలంలో పనిచేశానని రాశాడాయన. ఊళ్లో షాపులో తమ యుద్ధం పెట్టెలో కనబడితే, తమవాళ్లకి ఒక బిళ్లైనా ఇచ్చారో లేదో చూద్దామని కొన్నాడట. నిబంధనలు సగం అర్థం కాలేదు. బిళ్ల తిరగేస్తే మాత్రం నాలుగు ఆరైంది. 'నలభై ఏళ్లుగా మా పటాలం పేరు చెబితే ఎదుటివాడు చూపు తిప్పుకుంటాడు. పరిగెత్తినవాళ్లం మేమే. పరుగు తర్వాత కూడా మేం ఉన్నామని తలచినవారు నాకు తెలిసి మీరొక్కరే. ఆ బిళ్ల జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అంచులు నలిగిపోయాయి. ఇంకొకటి పంపగలరా?'

వసుమతి ఆ ఉత్తరాన్ని మడిచి సొరుగులో పెట్టింది. మళ్లీ తీసి చదివింది. బిళ్ల మాత్రం పంపలేకపోయింది. ఇన్నాళ్లూ తన గర్వం ఒక్కటే త్రాసులో ఉందనుకుంది. ఇప్పుడు రెండో పళ్లెంలో ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. నిజం చెబితే ఆయన జేబులోంచి ఆ బిళ్లని చేతులారా లాక్కున్నట్టే. చెప్పకపోతే, గోపీనాథ్ గారి కవితకి అంటుకుని ఊడిన చీటీని ఒక మనిషి ప్రాణంలా దాచుకుని తిరుగుతుంటాడు. రెండింట్లో ఏది పాపమో తేలక రెండు వారాలు ఆవిడకి అన్నం సయించలేదు.

ఎటూ తేల్చుకోకుండా ఉండనివ్వలేదు లెస్టర్. ఆ యుద్ధం పెట్టెలన్నీ అమ్ముడుపోయాయి, రెండో ముద్రణ వేస్తున్నాం, పాత బోర్డులు యథాతథంగా పంపెయ్యమన్నాడు. వసుమతి బోర్డుని బీరువాలోంచి తీసి, అతని టేబుల్ మీద పెట్టి, రెండు చీటీలనీ చూపుడువేలితో తాకి, జరిగింది జరిగినట్టు చెప్పింది. కవితతో సహా చెప్పింది.

లెస్టర్ ముందు కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత పత్రికలో తను రాసిన పేరా గుర్తొచ్చి నవ్వాపాడు. ఇప్పుడు మార్చడం ఎందుకు, అందరికీ నచ్చింది కదా, వదిలేద్దామన్నాడు.

"మొదటిసారి తెలియక వేశాను, అది తప్పు. తెలిసీ రెండోసారి వేస్తే అది అబద్ధం," అంది వసుమతి. "నా చేత్తో అబద్ధం అంటించను లెస్టర్."

ఉత్తరం కూడా చూపించింది. లెస్టర్ చదివి, పైపు వెలిగించబోయి మానేశాడు. దిద్దడం వరకూ సరే, ఈయనకి మాత్రం నేను రాయలేనన్నాడు. మీరు రాయక్కర్లేదు, నేనే వెళతానంది వసుమతి. ఆ సాయంత్రం పటాలం బిళ్లనీ ట్యాంకుల బిళ్లనీ పెద్దవి చేసి, కింద తన పేరు రాసి, తానే గోడకి తగిలించింది. ఆఫీసులో అందరూ బయటికి సానుభూతి చూపించారు. లోపల్లోపల వాళ్లకి పండగే అయి ఉంటుంది, వాళ్లని తప్పుపట్టలేం.

శనివారం దామోదర్ కారు నడిపాడు. లాంకాస్టర్ రెండు గంటల దారి. వసుమతి ఒళ్లో జంతికల డబ్బా. తప్పు ఒప్పుకోవడానికి వట్టి చేతులతో వెళ్లడం ఏం బాగుంటుందని ముందు రోజు కూర్చుని వండింది. దారిపొడవునా ఏం మాట్లాడాలో ఇంగ్లీషులో కూడబలుక్కుంటూనే ఉంది. దామోదర్ రేడియో పెట్టబోతే ఆపేసింది.

కీఫర్ అరవై దాటిన పొడుగాటి మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. భార్య పోయి నాలుగేళ్లయిందట. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. డబ్బా తెరిచి జంతిక ఒకటి కొరికి, మా ప్రెట్జెల్‌కి దూరపు చుట్టంలా ఉందే అన్నాడు. ఉప్పు చల్లి ముడివేసి కాల్చే ఆ ప్రెట్జెల్ అంటే లాంకాస్టర్‌వాళ్లకి ప్రాణం. ఆ మంచి మాట విన్నాక వసుమతికి అసలు సంగతి ఎత్తడం ఇంకా కష్టమైంది. కూడబలుక్కున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. ఆరు అనేది చీటీ మారి పడిందనీ, అక్కడ ఉండాల్సింది రెండనీ, తప్పు తనదనీ నాలుగు ముక్కల్లో చెప్పేసి, కాఫీ కప్పు వంక చూస్తూ కూర్చుంది.

కీఫర్ జేబులోంచి బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు దాన్ని వేలితో అటూ ఇటూ జరిపాడు.

"రెండు కూడా ఎక్కువే మేడమ్," అన్నాడు. "నేనక్కడ ఉన్నాను. తుపాకీ పారేసి పరిగెత్తాను. ఆరు చూసినప్పుడు అది మేం కాదని నాకు తెలుసు. అయినా చూడటానికి బాగుంది."

ఆయన ముఖంలో కోపం కనబడితే వసుమతి తట్టుకునేదే. ఆ మామూలు గొంతే ఆవిడని కదిలించేసింది. ఏడుపు ఆపుకోవడానికి, మరి పరిగెత్తి ఎక్కడిదాకా వెళ్లారని అడిగింది. ఎంతైనా సర్వే ఆఫీసు మనిషి, ఏమీ తోచనప్పుడు దారి అడుగుతుంది.

ఆ రోజంతా అడవిలో పడి నడిచామన్నాడాయన. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఒక నాలుగురోడ్ల కూడలి దగ్గర, వంటవాడొకడు మెషిన్‌గన్ పెట్టుకుని కూర్చుని కనబడ్డాడు. నిజంగా వంటవాడే, ఏప్రన్ కూడా విప్పలేదు. ఎటు పోతారు, ఇక్కడ కూర్చోండి అన్నాడట. కూర్చున్నారు. ఎవరి దళం ఏదో తెలియని పదకొండు మంది, ముగ్గురికి తుపాకులే లేవు. జర్మన్ బళ్లు రోడ్డు మలుపు తిరిగి వచ్చాయి. తూటాలు అయిపోయేదాకా కాల్చారు. పదకొండున్నరకి పట్టుబడ్డారు. అంతే. ఆరుగురు మిగిలారు. అందులో చెప్పుకోవడానికేమీ లేదని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదట, భార్యకి తప్ప.

వసుమతి అప్పటికే సంచీలోంచి పెన్సిల్ తీసింది. గోడమీది క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాగితం చింపి ఇవ్వమంది. రోడ్డు ఎంత వెడల్పు, పల్లం ఎటువైపు, అడవి ఎంత దూరంలో ఆగింది, మలుపు నుంచి కూడలికి ఎన్ని అడుగులు అని వరసగా అడుగుతూ గీసింది. ఆయన ముందు తటపటాయించాడు, తర్వాత తనే పెన్సిల్ తీసుకుని వాగు ఎక్కడుందో దిద్దాడు. ఇద్దరూ తలలు వంచి గంటన్నర కూర్చున్నారు. దామోదర్ జంతికలు సగం ఖాళీ చేశాడు.

సోమవారం లెస్టర్ ముందు ఆ కాగితం పరిచింది. అట్టకి రెండు వందల బిళ్లలైతే అందులో రెండు మూడు ఎప్పుడూ ఖాళీగా, వట్టి రంగుతో మిగిలిపోతాయి. ఆ ఖాళీల్లో ఒకటి తనకి కావాలంది. లెస్టర్ ఒప్పుకోలేదు. ఈ ఆటలో ఒక బిళ్ల అంటే మూడువేల మంది, పదకొండు మందికి ఎవరైనా బిళ్ల ఇస్తారా అన్నాడు. అందులోనూ ఒక వంటవాడు.

"ఆ పూట ఆ రోడ్డు మీద వాళ్లు తప్ప ఇంకెవరూ లేరు," అంది వసుమతి. "ఉన్నది చూపించకపోతే అది మ్యాపెలా అవుతుంది?"

లెస్టర్ రెండు రోజులు తన పుస్తకాలన్నీ తిరగేశాడు. ఆ పేజీల్లో ఎక్కడో, ఆ పొద్దున ఆ రోడ్డు మీద జర్మన్ల రాక ఆలస్యమైందని ఒక వాక్యం ఉంది. ఎందుకో రాయలేదు. బుధవారం వచ్చి, సరే, కానీ బలం ఒకటికి మించి ఇవ్వనన్నాడు. ఒకటి చాలంది వసుమతి. పాత పటాలం బిళ్ల వెనక ఆరు తీసి రెండు అంటించింది, ఆ ఆరుని ట్యాంకుల దళం వెనక పెట్టింది. కొత్త బిళ్ల మీద ఒకటి వేసింది. దాని వెనక వైపు ఖాళీగా వదిలేసింది. హీటింగ్ వేసి ఉన్న రోజునే, చుట్టుపక్కల కవులెవరూ లేకుండా చూసుకుని చేసింది. నాలుగుసార్లు సరిచూసింది.

మేలో రెండో ముద్రణ వచ్చింది. పండితులు ఆరు పోయిందని గోలపెట్టారు. లెస్టర్ పత్రికలో, అది మా తప్పు, దిద్దుకున్నామని రెండు వాక్యాలు రాసి ఊరుకున్నాడు. వసుమతి కొత్త అట్ట ఒకటి లాంకాస్టర్‌కి పోస్టు చేసింది. ఉత్తరం రాయబోయి, మాటలు కుదరక, కొత్త బిళ్ల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి పంపింది.

వారం తర్వాత ఆఫీసుకి ఫోను వచ్చింది. కీఫర్. అట్ట అందింది, మా పటాలం బిళ్ల వెనక రెండు చూశాను, అది న్యాయంగానే ఉందన్నాడు. తర్వాత కొత్తదాని సంగతి అడిగాడు.

"దీని మీద ఒకటే ఉంది మేడమ్. నా ఎదురుగా తొమ్మిదులూ పదులూ ఉన్నాయి. ఒకటితో ఏం చేయగలరు?"

"గెలవలేరు," అంది వసుమతి. "మొదటి దెబ్బకే పోతుంది. కానీ నిబంధనల పుస్తకంలో ఏడో పేజీ చూడండి. శత్రువు బిళ్ల ఎంత పెద్దదైనా సరే, మీ బిళ్ల పక్క గడిలోకి రాగానే ఆగిపోవాలి. పక్కనుంచి దాటిపోకూడదు. ఎదురుగా ఉన్నది పదైనా ఒకటైనా రూలు ఒకటే. ఆ పూటకి ఆ రోడ్డు మీద కదలిక లేదు."

అవతల పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా," అన్నాడు కీఫర్. "మూడున్నర గంటలు. మా వెనక ఆ రోడ్డు మీద ఆస్పత్రి లారీలు వెళ్లిపోతూ ఉన్నాయి. నలభై ఏళ్లు నేను మేం ఎంతమందిని చంపామన్నదే లెక్కేసుకున్నాను మేడమ్. ఎవరినీ చంపి ఉండం. జర్మన్లు అక్కడ ఆగారన్న సంగతే నాకు తట్టలేదు."